ఇంజన్ మాత్రం బాగానే ఉంది

నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే. పెళ్లికి పోయినా, నమాజు అయి మసీదు బయట చెప్పులు వెతుక్కుంటున్నా, డాక్టరు ముందు చొక్కా విప్పుకుని కూర్చున్నా అదే ప్రశ్న. "మస్తానన్నా, పికప్పు కొందామనుకుంటా ఉండా. డీజిలా, పెట్రోలా?" మొన్న ఆ డాక్టరు కూడా అడిగాడు. ఆయనకెందుకో పికప్పు!

నెల్లూరులో పికప్పు బండ్లు అమ్మే ఒక షోరూము సర్వీసు సెంటర్లో మెకానిక్‌గా చేరి, ఫోర్‌మన్‌గా బయటికొచ్చాను. తోటపల్లి గూడూరు వైపు సముద్రం అంచున ఉన్న ఊళ్ల బండ్లు దాదాపు అన్నీ నా చేతుల మీదుగా పోయాయి. ఐటీఐలో పాఠాలు చెప్పే మా మేనల్లుడు, కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లల కోసం నాలుగు మాటలు రాసిపెట్టమన్నాడు. కాస్త ఉత్సాహం కలిగేటట్టు రాయమన్నాడు. రాయడం వరకు నా వల్ల అవుతుంది, ఉత్సాహం మాత్రం నన్ను అడగొద్దు.

ముందు ఆ ప్రశ్నకు జవాబు

డీజిల్ ఇంజన్‌కు మెల్లగా తిరుగుతున్నప్పుడే లాగే బలం ఉంటుంది. ఐసూ రొయ్యల ట్రేలూ నిండుగా వేసుకుని చెరువు గట్టు మీద ఆగిపోయిన బండి మళ్లీ కదలాలంటే కావలసింది ఆ బలమే. ఫస్ట్ గేరులో క్లచ్ మెల్లగా వదిలితే చాలు, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకుండానే ముందుకు పాకుతుంది. పెట్రోల్ బండి అలా కాదు. ఇంజన్ గట్టిగా తిరిగితేగాని దానికి ఊపు రాదు. తారు రోడ్డు మీద ఆ ఊపు బాగానే ఉంటుంది. ఇసుకలో మాత్రం చక్రం ఎంత గట్టిగా తిరిగితే అంత లోతుగా దిగుతుంది. డ్రైవరు సగం క్లచ్ మీద బండిని ఏడిపిస్తాడు, ప్లేటు కాలి కంపు కొడుతుంది, తర్వాత మాకు ఫోను చేస్తాడు.

అయితే డీజిలే కొనుక్కుంటానంటారా, ఆగండి. కొత్త డీజిల్ బండ్లకు పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టరు పెట్టారు. ఆ మసి కాలిపోవాలంటే బండి బాగా వేడెక్కి, హైవే మీద ఆగకుండా కొంతదూరం పోవాలి. మన బండ్లు పాలెం నుంచి ఐసు ఫ్యాక్టరీకి, అక్కడి నుంచి చెరువుకు పోతాయి. వేడెక్కేలోపే ఆగిపోతాయి. ఫిల్టరు మూసుకుపోయి లైటు వెలుగుతుంది, బండిలో సత్తువ చచ్చిపోతుంది. పెట్రోల్ బండికి ఆ బాధ లేదు. చప్పుడు తక్కువ, రిపేరు తేలిక. నాలుగు బుట్టల చేపలు వేసుకుని నెల్లూరు పోయి వచ్చేవాడికి పెట్రోలు చాలు, బరువు లాగేవాడికి డీజిలు కావాలి. మన్నిక సంగతికొస్తే, మంచి డీజిలు పోసి వేళకు ఆయిలు మార్చేవాడి చేతిలో డీజిల్ ఇంజన్ చాలాకాలం బతుకుతుంది.

అంతే, అయిపోయింది. ఈ రెండు ముక్కలు చెప్పడానికి ఒక జీవితం అక్కర్లేదు. నాకు కడుపు మండేదెక్కడంటే, ఇన్నేళ్లూ జనం నన్ను ఇదొక్కటే అడిగారు. ఈ తీరంలో బండ్లు చచ్చేది ఇంజన్ వల్ల కాదు.

కింద పడుకోమన్న మనిషి

నేను పనిలో చేరినప్పుడు మా ఫోర్‌మన్ సుబ్బరామయ్య గారు. నోరు తెరిస్తే తిట్టే. బండి రాగానే నేను హుషారుగా బానెట్ ఎత్తబోతే చేతి మీద కొట్టేవాడు. "రేయ్ మస్తానూ, దాన్ని తర్వాత ఎత్తుదువుగానిలే. ముందు కింద పడుకోరా," అనేవాడు.

తానే ముందు పడుకునేవాడు. పంచె మీద గ్రీజు అంటినా పట్టించుకోడు. టైర్లు ఊడదీసే ఇనుప లివరుతో ఛాసిస్ పొడుగునా ఒక్కొక్కచోట కొట్టుకుంటూ పోయేవాడు. ఛాసిస్ అంటే తెలుసు గదా, బండికి వెన్నెముక. ఇంజనూ, చక్రాలూ, మోసే బరువూ అన్నీ దాని మీదే. గట్టి ఇనుమైతే ఖంగుమంటుంది. లోపల తుప్పు తిన్న ఇనుము దబ్బుమంటుంది. పైన పెయింటు ఎంత నిగనిగలాడినా ఆ చప్పుడు అబద్ధం చెప్పదు. నాకు వచ్చిన విద్యంతా ఆ చప్పుడే.

ఆయన పోయాక నేను ఫోర్‌మన్‌నయ్యాను. బండి తెచ్చిన ప్రతివాడినీ కింద కూర్చోబెట్టి తుప్పు చూపించేవాణ్ణి. ఒకరోజు మా ఓనరు తన గదిలోకి పిలిచాడు. "మస్తాన్, తుప్పు వారంటీలో లేదు. మనం బాగు చేసేదీ కాదు. లేనిపోనిది చూపించి వాళ్లను ఎందుకయ్యా భయపెడతావు? ఇంజన్ గురించి అడిగితే ఇంజన్ గురించి చెప్పు," అన్నాడు. ఆయన చెడ్డమనిషని నేననను. బండ్లు అమ్ముకునే మనిషి, ఆ మాటే మాట్లాడాడు. నేను మాత్రం చూపించడం మానలేదు. ఎవరూ వినలేదు కాబట్టి మానినా మానకపోయినా ఒకటే.

కడిగి కడిగి

యేసురత్నం సంగతి చెప్పాలి. ఇదంతా రాయడానికి కూర్చున్నది అందుకే.

అతనిది సముద్రం ఒడ్డున ఒక పాలెం. పాత డీజిల్ పికప్పు ఒకటి ఉండేది, మసి ఫిల్టర్లు రాకముందుది. పొద్దున చేపలు నెల్లూరుకు తోలేవాడు. మిగతా వేళల్లో పాలెంలో ఎవరి బోటు రిపేరుకు వచ్చినా, నీళ్ల అంచు నుంచి సరుగుడు తోట దాకా ఇసుక మీద తాడు కట్టి లాగేవాడు. దానికి పాలెంలో వేరే మనిషీ లేడు, వేరే బండీ లేదు. మా ఇద్దరికీ పాతికేళ్ల పరిచయం. రంజాన్‌కు మా ఇంటికొచ్చేవాడు, క్రిస్మస్‌కు నేను వాళ్లింటికి పోయేవాణ్ణి.

ఆ బండిని అతను చూసుకున్నట్టు ఎవరూ చూసుకోలేరు. సముద్రపు నీళ్లలో చక్రాలు తడుస్తాయి గదా, ఉప్పు పడితే ఇనుము పోతుందని అతనికి బాగా తెలుసు. అందుకే రోజూ సాయంత్రం బండిని కడిగేవాడు. చక్రాల సందులూ, చక్రాల పైన బరువు మోసే కమాను పట్టీలూ, అడుగు భాగమూ, ఏదీ వదలకుండా పైపు పెట్టి కొట్టేవాడు. భార్య మరియమ్మ గుమ్మంలో నిలబడి ఎగతాళి చేసేది. "చూడన్నా, పుట్టిన బిడ్డలకు ఒక్కనాడన్నా ఇట్టా నీళ్లు పోసినాడా ఈ మనిషి?" అనేది.

కడిగేది రొయ్యల చెరువు మోటారు దగ్గర. ఆ నీళ్లూ ఉప్పువే.

తెలివితక్కువ పని అనుకోకండి. ఆ పాలెంలో మంచినీళ్లంటే దొరువు ఒక్కటే. ఇసుకలో తవ్వుకున్న గుంట, దాంట్లో ఊరే తీపి నీళ్లు. ఆడవాళ్లు బిందె దించే ముందు కాళ్లు కడుక్కుని దిగుతారు. అక్కడ బండి కడగడమా? మాటవరసకు కూడా ఎవరూ అనరు. కాబట్టి ఇనుమును కాపాడుకోవాలనుకున్న ప్రతివాడూ చెరువు మోటారు దగ్గరికే పోతాడు. ఒక ఉప్పును ఇంకో ఉప్పుతో కడుగుతాడు. ఛాసిస్ లోపల బోలుగా ఉంటుంది. పైపుతో కొట్టిన నీళ్లు రంధ్రాల్లోంచి లోపలికి పోయి, అక్కడే ఆరిపోతే ఉప్పు మిగులుతుంది. కడగని సోమరివాడి బండి ఇంకో నాలుగేళ్లు బతుకుతుంది. ప్రేమగా కడిగినవాడిది ముందు పోతుంది. ఇది చూసీ చూసీ నాకు ఈ పని మీదే విరక్తి పుట్టింది.

ఆదివారం పందెం

మరియమ్మకు ప్రభుదాసని ఒక్కడే తమ్ముడు. నవ్వడం, నవ్వించడం తప్ప ఇంకో పని లేనట్టుండేవాడు. నేను రిటైరయిన ఏడాది వాడు కొత్త పెట్రోల్ పికప్పు కొన్నాడు. ఇంక బావాబామ్మర్దుల మధ్య రోజూ ఇదే రభస.

ఒక ఆదివారం చర్చి అయినాక నన్ను పిలిపించారు. పాలెమంతా ఇసుక మీద చేరింది.

"బావా, నీ డీజిలు ముసలిదైపోయినాది. దగ్గు తప్ప ఇంకేముండాది దాంట్లో?" అన్నాడు ప్రభుదాసు.

"నీది బండేందిరా, కుట్టు మిషను. చప్పుడే లేదు. రా, తాడు కట్టుకుందాం," అన్నాడు యేసురత్నం.

రెండు బండ్లనూ వెనకా వెనకా పెట్టి తాడు కట్టారు. ప్రభుదాసు రేజ్ చేశాడు. ఇసుక లేచింది, చక్రాలు దిగబడ్డాయి. యేసురత్నం తొందరపడలేదు. ఫస్ట్ గేరులో క్లచ్ వదిలాడు. డీజిల్ బండి బామ్మర్ది బండిని వెనక్కి ఈడ్చుకుంటూ సరుగుడు చెట్ల దాకా పోయింది. ఈలలు, కేకలు! ప్రభుదాసు కిటికీలోంచి తల బయటపెట్టి, "కాపాడండయ్యా, మా బావ నన్ను ఎత్తుకపోతా ఉండాడు!" అని అరుస్తుంటే ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. నేను కూడా నవ్వాను.

తర్వాత అలవాటు కొద్దీ కింద పడుకున్నాను. వెనక తాడు కట్టే కొక్కెం ఛాసిస్ చివర అడ్డపట్టీకి ఉంటుంది. లివరుతో కొట్టాను. దబ్బుమంది. ఇంకో దెబ్బకు అరచేతంత తుప్పు పెళ్ల రాలి నా గడ్డం మీద పడింది.

"యేసూ, ఇటు రా," అని చూపించాను. "ఈ బండితో చేపలు తోలుకో. తాడు మాత్రం ఇంక కట్టబాక."

"ఏందన్నా ఇట్టా అంటావు? ఇప్పుడే గదా గెలిచింది! కళ్లారా చూసినావు గదా!"

"గెలిచింది ఇంజన్. నేను చెప్పేది దాన్ని మోసే ఇనుము సంగతి. ఇంత బలమైన ఇంజన్ ఇంత చీకిపోయిన ఇనుమును లాగితే ఏమైతాది?"

"ఇనుముకేమిలే, వెల్డింగ్ ఏపిస్తా."

వేయించాడు కూడా. మందమైన రేకులు అతికించి, నల్ల పెయింటు కొట్టించి, ఇంటికొచ్చి మరీ చూపించాడు. చివికిపోయిన చీరకు కొత్త గుడ్డ అతికినట్టుంది. అతుకు గట్టిగానే ఉంది, దాని పక్కనంతా పొడి. మళ్లీ చెప్పాను. "మరి బోట్లు యెవురు లాగాలన్నా? నువ్వు వచ్చి లాగుతావా?" అని నవ్వుతూనే అడిగాడు. చాయ్ తాగి పోయాడు. ఛాసిస్ మార్పించుకునే తాహతు అతనికి లేదు, ఆ సంగతి నాకూ తెలుసు.

హెచ్చరిక వచ్చిన రోజు

వాయుగుండం తుఫానుగా మారుతుందని, బోట్లన్నీ పైకి లాక్కోమని పొద్దున్నే మైకులో చెప్పారు. ఆ చుట్టుపక్కల పాలేలన్నిటికీ ఉన్నది ఒకే ట్రాక్టరు, అది అప్పటికే వేరే పాలెంలో బోట్లు లాగుతోంది. నా మాట కొంతైనా చెవికెక్కిందేమో, యేసురత్నం ముందు తన బండి తీయలేదు. ప్రభుదాసు పెట్రోల్ బండికే తాడు కట్టారు. కొన్ని బోట్లు లాగింది పాపం. తర్వాత క్లచ్ ప్లేటు కాలిపోయి ఇసుకలో కూర్చుంది. అప్పుడు నాకు ఫోను చేశారు.

నేను స్కూటరు మీద పోయేసరికి గాలి మొదలైంది. ఇసుకలో క్లచ్ దించే పని కాదు, ఆ మాటే చెప్పాను. నీళ్ల అంచున ఇంకా బోట్లున్నాయి. అందరూ యేసురత్నం వైపు చూశారు. అతను నా వైపు చూడకుండా పోయి బండి తెచ్చాడు.

నేను బండికి అడ్డం నిలబడ్డాను. "వద్దురా యేసూ. నీ కాళ్లు పట్టుకుంటా, వద్దు."

"బోటు పోతే ఆ సంసారం ఏం తినాలన్నా? నువ్వే చెప్పు, ఏం తినాలి?" అన్నాడు. "జరుగన్నా."

నలుగురు మనుషులు నన్ను పక్కకు లాగారు. "తాడు దరిదాపుల్లో ఎవరూ నిలబడొద్దు, దూరం పోండి, దూరం!" అని గొంతు చించుకున్నాను. ఆ ఒక్క మాటా విన్నారు. అందరూ జరిగారు, ప్రభుదాసుతో సహా.

మొదటి బోటు సజావుగా వచ్చింది. రెండోది ఇసుకలో కూరుకుపోయి ఉంది. యేసురత్నం క్లచ్ వదిలాడు. ఇంజన్ కాస్త గొంతు మార్చింది, అంతే. లాగుతోంది. బోటు కదలకుండా ఒక పక్కకు ఒరగడం మొదలుపెట్టింది. ఒరిగితే దాని మోటారు విరుగుతుంది. "పట్టుకోండి, పట్టుకోండి!" అంటూ ప్రభుదాసు పరుగెత్తిపోయి భుజం ఆనించాడు. నేను వాడి పేరు పెట్టి అరిచాను.

పెద్ద చప్పుడేమీ రాలేదు. బండి వెనక అడ్డపట్టీ వెల్డింగ్ పక్కనుంచి ఊడి, కొక్కెంతో సహా తాడు వెంట వెనక్కి ఎగిరింది. వాడి రొమ్ము మీద తగిలింది.

ఆ ఇంజన్ బలం లేనిదైతే ఆగిపోయేది. పెట్రోల్ బండి ఆగిపోయినట్టే, దబ్బున ఆగి ఇసుకలో కూర్చునేది. మేమందరం తిట్టుకుంటూ నిలబడేవాళ్లం. బోటు పోయేదేమో, మనిషి ఉండేవాడు. డీజిల్‌కు లాగుడు ఎక్కువని నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఆ లాగుడే వాడి ప్రాణం మీదికొచ్చింది.

ఒడ్డున రెండు పికప్పులున్నాయి. మనిషిని నెల్లూరుకు చేర్చడానికి బండి లేదు. ఒకదానికి క్లచ్ లేదు. రెండోదానికి పట్టీతో పాటు కమాను కట్ట ఊడి చక్రం బాడీలో ఇరుక్కుంది. పక్క ఊరి నుంచి ఆటో వచ్చేదాకా మరియమ్మ తమ్ముడి తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. ఉన్నట్టుండి తలెత్తి, "దాన్ని ఆపండయ్యా ఎవురన్నా. ఆ ఇంజను ఆపండి," అంది. అప్పుడు తెలిసింది అందరికీ. యేసురత్నం గేరు తీసి వదిలేసి వచ్చిన బండి సగం కూలిపోయి ఉంది, ఇంజన్ మాత్రం తన పాటికి తాను తిరుగుతోంది. ఒక్క తడబాటు లేదు. నేనే పోయి తాళం తిప్పాను.

ఆటో నెల్లూరు చేరకముందే ప్రభుదాసు పోయాడు. తుఫాను దారి మళ్లి ఎటో పోయింది. మర్నాడు ఎండ కాసింది. లాగకుండా నీళ్ల అంచున వదిలేసిన బోట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

పిల్లలకు

నేను చెప్పలేదని ఎవరూ అనరు. యేసురత్నం కూడా అనడు. "నువ్వు చెప్పినావన్నా," అంటాడు కనిపించినప్పుడల్లా. అది వినలేకే కొన్నాళ్లు అటు పోవడం మానుకున్నాను. చెప్పడం వల్ల ఏమవుతుంది? పొట్టకూటి ముందు మెకానిక్ మాట ఎవడు వింటాడు? అయినా ఈ పనిలోకి వచ్చే పిల్లలు బానెట్ ఎత్తే ముందు కింద పడుకోండి. కొట్టి వినండి. విన్నది చెప్పండి. మీ మాట వింటారని నేను హామీ ఇవ్వను.

మరియమ్మ కబురు చేసి, "ఆ బండి నా కంటికి కనపడకుండా చెయ్యన్నా," అంది. నేనే పోయి విప్పాను. ఛాసిస్ పాత ఇనుముకు పోయింది. ఇంజన్‌ను రొయ్యల చెరువు ఆసామి అడిగి తీసుకున్నాడు, నీళ్లు తోడే పంపుకు బిగించుకోవడానికి. దాన్ని చూసుకునే పనికి యేసురత్నాన్నే పెట్టుకున్నాడు. అతను ఇంక స్టీరింగు ముట్టలేదు.

పోయిన వారం మనసు ఆగక పోయాను. చెరువు గట్టు మీద రేకుల పాక కింద ఇంజన్ తిరుగుతోంది, యేసురత్నం దాని పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ముప్పై ఏళ్లవాడొకడు కొత్త పికప్పు తెచ్చి గొట్టం దగ్గర పెట్టి కడుగుతున్నాడు. నన్ను గుర్తుపట్టి, "మస్తానన్నా, డీజిలే తీసుకున్నా. మంచి పనేనా?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే యేసురత్నం అన్నాడు. "అబ్బయా, అవి ఉప్పునీళ్లు. కడగబాక. కింద ఇనుమంతా పోతాది."

"మరి యే నీళ్లతో కడగమంటావు పెదనాయనా?" అన్నాడు వాడు. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు.

యేసురత్నం నా వైపు చూశాడు. నేను దొరువు వైపు చూశాను. చుట్టూ చెరువులు పెరిగి దాంట్లోకి ఉప్పు దిగి, ఏడాదిగా ఎవరూ బిందె ముంచడం లేదు. తాగే నీళ్లు క్యాన్లలో వస్తున్నాయి.

యేసురత్నం లేచి ఇంజన్ ఆపేశాడు. గొట్టంలో నీళ్లు ఆగిపోయాయి. వాడు పైపు పట్టుకుని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. అంతలో ఆసామి దూరం నుంచే కేకలేసుకుంటూ వచ్చాడు. "ఏందయ్యా ఆపినావు? నీళ్లు తగ్గితే రొయ్య చచ్చిపోతాది, తెలీదా? ఎయ్యి, ఎయ్యి!"

యేసురత్నం మళ్లీ వేశాడు. ఒక్క తిప్పుకే అందుకుంది. నీళ్లొచ్చాయి, వాడు బండి కింద చెయ్యిపెట్టి జాగ్రత్తగా కడగడం మొదలుపెట్టాడు. ఇంజన్‌కు మాత్రం ఈ రోజుకీ ఏ లోపమూ లేదు.